నొప్పి లేని గడ్డ. ఎన్నాళ్ళు ఆగి చూడొచ్చు?

చంటిదాని_అమ్మ అడిగారు:

అందరికీ నమస్కారం. నా వయసు 39. పోయిన ఆదివారం తలస్నానం చేస్తుంటే కుడి రొమ్ములో, పైన చంక వైపు, వేలికి ఏదో తగిలింది. చొక్కా బొత్తామంత ఉంటుంది. గట్టిగా ఉంది. నొక్కితే నొప్పి లేదు. పక్కకి జరుగుతోందా అంటే ఒకసారి జరిగినట్టే ఉంటుంది, ఇంకోసారి లేదనిపిస్తుంది. ఆ రోజు నుంచి చెయ్యి ఊరికే అక్కడికే పోతోంది. రోజుకి ఇరవై సార్లు నొక్కి నొక్కి ఆ చోటంతా పచ్చిగా అయింది. ఇప్పుడు నొప్పి పుడితే అది గడ్డదో నా వేళ్ళదో కూడా తెలియట్లేదు.

పాప పాలు మానేసి ఏడాదిన్నర అయింది. మా పెద్దమ్మకి ఫోన్లో చెప్తే "పాలగడ్డే అయ్యుంటుంది, కాపడం పెట్టు" అంది. అమ్మ వైపు వాళ్ళలో ఎవరికీ క్యాన్సర్ లేదు. నెలసరి ఇంకో వారంలో రావాలి.

నేను అడిగేది ఒకటే. ఇలాంటిది ఎన్ని రోజులు ఆగి చూడొచ్చు? అసలు ఏం చూసుకోవాలి? ఆయనకి ఇంకా చెప్పలేదు. రాత్రి పాపని పడుకోబెట్టి ఈ నాలుగు ముక్కలు టైపు చెయ్యడానికి గంట పట్టింది.

నిబ్బరం_77:

సిస్టర్, టెన్షన్ పడకండి. నొప్పి లేదంటున్నారు కదా, నొప్పి లేకపోతే భయపడాల్సింది ఉండదు. మా పిన్నికి కూడా ఇలాగే ఉండి దానంతటదే పోయింది. వంశంలో లేదంటే మీకూ రాదు. మూడు నెలలు చూడండి.

సూది_దారం:

పైన రాసినాయన మంచి మనసుతోనే రాశారు. కానీ సరిగ్గా ఆ మాటే పట్టుకుని నేను అయిదు నెలలు పోగొట్టుకున్నాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా. చెల్లీ, నిన్ను నువ్వు అంటున్నాను, ఏమనుకోకు.

నేను బట్టలు కుడతాను. 22 ఏళ్ళుగా ఇదే పని. ఎదురుగా ఆడమనిషి నిలబడితే టేపు తీయకముందే ఏ భుజం దిగిందో, ఏ వైపు ఎత్తుందో చెప్పేస్తాను. అంత గొప్పదాన్ని, నా ఒంటి సంగతి నేను పట్టుకోలేకపోయాను. నాలుగేళ్ళ కిందటి మాట. నాకప్పుడు 46. నాకోసం ఒక జాకెట్టు కుట్టుకున్నాను. ఎడమ డాట్, అంటే రొమ్ము దగ్గర ఆకారం కోసం వేసే మడత కుట్టు, కూర్చోలేదు, మొన దగ్గర ముడత పడుతోంది. కత్తిరింపులో పొరపాటేమో అనుకుని విప్పి మళ్ళీ వేశాను. మూడుసార్లు విప్పాను. చివరికి పాత ఆది జాకెట్టు తీసి వేసుకుంటే అదీ ఎడమ పక్క వదులే. సన్నబడ్డానులే అనుకున్నాను. మనిషి ఒక వైపే సన్నబడుతుందా? ఎవరైనా నా దగ్గరకొచ్చి ఆ మాటంటే నవ్వేదాన్ని.

ఇంకో రెండు నెలలకి జడ వేసుకుంటుంటే అద్దంలో కనపడింది. చేతులు పైకెత్తితే ఎడమ రొమ్ము కింది భాగంలో బొటనవేలితో అదిమినట్టు చిన్న సొట్ట. చేతులు దించితే లేదు. గడ్డ కోసం వెతికాను, చేతికేం తగల్లేదు. నొప్పి లేదు. గడ్డా లేదు, నొప్పీ లేదు, ఇంకేముంటుందిలే అని మరో మూడు నెలలు మిషన్ తొక్కుకుంటూ కూర్చున్నాను. చనుమొన కొంచెం లోపలికి తిరిగాక వెళ్ళాను డాక్టరు దగ్గరికి.

ఆ సొట్ట ఎందుకు పడుతుందో ఆమె చెబుతుంటే నాకు ఇట్టే అర్థమైంది. రొమ్ము లోపల చర్మానికీ వెనక కండరానికీ మధ్య నారలాంటి తాళ్ళు ఉంటాయట. క్యాన్సర్ వాటిని పట్టుకుని లాగితే అవి పొట్టిబడి పైచర్మం లోపలికి పోతుంది. లోపలి దారం బిగిస్తే గుడ్డ పైన ముడత తేలినట్టు. నేను తప్పుగా వేశాననుకున్న డాట్ సరిగ్గానే ఉంది, దారం లాగింది లోపల.

నాకొచ్చిన క్యాన్సర్ రకం గడ్డ కట్టేది కాదు. లోబ్యులర్ అంటారు. అందులో కణాలు ముద్దగా చేరకుండా ఒకదాని వెనక ఒకటి వరసగా పాకుతాయట. టాకా కుట్టు వేసినట్టన్నమాట. అందుకే చేతికి ముద్దలా తగలదు, ఆ చోటు కాస్త మందంగా, బిరుసుగా అనిపిస్తుందంతే. మామోగ్రామ్‌లో, అంటే రొమ్ముకి తీసే ఎక్స్‌రేలో, కూడా తప్పించుకుంటుంది. నాది తప్పించుకుంది. మొదటి రిపోర్టులో ఏమీ లేదనే వచ్చింది. ఆమె ఆ కాగితం పక్కన పెట్టి, "కంటికి కనపడుతోంది, చేతికి తెలుస్తోంది. ఫిల్ములో లేనంత మాత్రాన లేనట్టు కాదు" అని అల్ట్రాసౌండ్‌కి పంపింది. దాంట్లో దొరికింది. తర్వాత బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి పరీక్షించడం. ఆ రోజు ఆమె రిపోర్టు చూసి సరేలే అని ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించను. ఆపరేషన్, రేడియేషన్ అయిపోయాయి, మాత్ర ఇప్పటికీ వేసుకుంటున్నాను, మిషన్ తొక్కుతున్నాను. నా కథ ఇక్కడితో చాలు.

ఇప్పుడు నీ సంగతి. నొప్పి లేదన్నది ధైర్యం చెప్పే గుర్తు కాదు. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో ఎక్కువగా నొప్పి లేకుండానే ఉంటుంది. నెలసరికి ముందు రెండు వైపులా బరువెక్కి సలపడం, అయ్యాక తగ్గిపోవడం మామూలు సంగతి. ఉట్టి నొప్పితో, ఇంకే మార్పూ లేకుండా వచ్చిన వాళ్ళలో క్యాన్సర్ తేలడం చాలా తక్కువ. అంటే మనం నొప్పికి పరిగెత్తి, నొప్పి లేనిదాన్ని వదిలేస్తున్నాం. తిరగేసి చదువుకుంటున్నాం.

అలాగని నీది అదేనని నేననట్లేదు. రొమ్ములో తగిలే గడ్డల్లో చాలావరకు క్యాన్సర్ కావు. నీళ్ళ తిత్తి కావచ్చు, వేలికి దొరక్కుండా గోలీలా జారిపోయే ఫైబ్రోఅడినోమా కావచ్చు, పెద్దమ్మ చెప్పినట్టు పాలకి సంబంధించిందే కావచ్చు. గట్టిగా, అంచులు గరుకుగా, ఉన్నచోటే పాతుకుపోయినట్టుంటే అనుమానం ఎక్కువ. కానీ మెత్తగా జరుగుతుంది కాబట్టి పర్వాలేదని వేలితో తేల్చేసుకోకు. డాక్టర్లే వేలితో తేల్చరు.

నేనిప్పుడు అందరికీ చెప్పేది మూడే అడగమని. ఇది కొత్తదా? ఒక వైపేనా? నెలసరి వచ్చిపోయినా ఉందా? పుట్టినప్పటి నుంచి చనుమొన లోపలికే ఉన్న వాళ్ళుంటారు, వాళ్ళకది మామూలు. నిన్నటిదాకా బయటికుండి ఇవాళ లోపలికి లాగితే అది వేరు. రెండు రొమ్ములూ కవల పిల్లల్లా ఉండవు, నా టేపుకి తెలుసు ఆ సంగతి. ఎప్పుడూ ఉన్న తేడా కాదు, కొత్తగా వచ్చిన తేడా చూసుకోవాలి.

నీకు ఎలాగూ వారంలో నెలసరి ఉంది కనక అపాయింట్‌మెంటు ఇవాళే తీసుకో, నెలసరి అయిన నాలుగైదు రోజులకి పడేట్టు. అప్పుడు రొమ్ము మెత్తగా ఉంటుంది, పరీక్ష తేలిక. ఆ తేదీ దొరక్కపోతే ముందే వెళ్ళు, దాని కోసం ఆగకు. ఈలోపు గడ్డే మాయమైతే మంచిదే, వెళ్ళి ఆ మాటే చెప్పు. కాపడం వల్ల ముప్పేమీ లేదు గానీ, కాపడం పెడుతున్నాం కదా అని రోజులు గడిచిపోతాయి. అదీ చిక్కు. ఇంకొకటి, దాన్ని నొక్కడం మానెయ్.

ఎక్స్‌రే_గది:

నేను మామోగ్రామ్ తీసే టెక్నీషియన్‌ని, డాక్టరుని కాదు. అక్క చెప్పినదానికి కొన్ని కలుపుతాను.

వంశంలో లేదన్న మాట దాదాపు రోజూ వింటాను. ఈ జబ్బు వచ్చిన వాళ్ళలో ఎక్కువమందికి ఇంట్లో ఎవరికీ ఉండదు. వారసత్వంగా వచ్చిన జన్యుమార్పు వల్ల వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే. పైగా అందరూ అమ్మ వైపే లెక్కేస్తారు. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 లాంటి జన్యువుల్లోని ఆ మార్పులు నాన్న వైపు నుంచి కూడా వస్తాయి. మేనత్తల సంగతీ కనుక్కోండి, అండాశయ క్యాన్సర్ ఎవరికైనా ఉందేమో అది కూడా.

మీ వయసుకి మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ రెండూ రాయొచ్చు. ముప్పై దాటని వాళ్ళకి మొదట అల్ట్రాసౌండే, ఎందుకంటే రొమ్ము దట్టంగా ఉంటుంది. ఫిల్ములో ఆ దట్టం తెల్లగా పడుతుంది, గడ్డా తెల్లగానే పడుతుంది. తెల్లగోడ మీద సున్నం మరక వెతికినట్టు ఉంటుంది మా పని. అందుకే చేతికి తగిలే గడ్డ ఉన్నప్పుడు నార్మల్ మామోగ్రామ్ ఒక్కటి చూసి ఇంటికి పోకూడదు. డాక్టరు చేత్తో చూడటం, స్కానింగు, అవసరమైతే సూది ముక్క, ఈ మూడూ ఒకే మాట చెప్పాలి.

వచ్చే రోజు చంకల్లో పౌడరు, డియోడరెంటు వేసుకోవద్దు. వాటిలోని రేణువులు ఫిల్ములో సున్నపు చుక్కల్లా పడి అనవసరంగా కంగారు పెడతాయి. రొమ్ముని రెండు పలకల మధ్య అదుముతాం, ఒక్కో ఫిల్ముకి కొన్ని సెకన్లు. ఒక్కో వైపు రెండు ఫిల్ములు, పై నుంచి ఒకటి, చంక కలిసొచ్చేలా ఏటవాలుగా ఒకటి. నొప్పెడితే చెప్పండి, పళ్ళు బిగబట్టుకుని నిలబడక్కర్లేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. నెలనెలా ఫలానా తేదీన ఇలా ఇలా తడుముకోండి అని నేర్పితే ప్రాణాలు నిలుస్తాయా అని షాంఘైలో బట్టల మిల్లుల్లో పనిచేసే 2,66,000 మందికి పైగా ఆడవాళ్ళ మీద ఏళ్ళ తరబడి పరీక్షించి చూశారు. 2002లో ఫలితాలు వచ్చాయి. నేర్పిన వాళ్ళలో, నేర్పని వాళ్ళలో మరణాలు ఒక్కలాగే ఉన్నాయి. నేర్పిన వాళ్ళకి మామూలు గడ్డల బయాప్సీలు మాత్రం ఎక్కువ జరిగాయి. అందుకే ఇప్పుడు తేదీ పెట్టుకుని పరీక్ష రాసినట్టు చెయ్యమని పెద్దగా చెప్పట్లేదు. స్నానం చేసేటప్పుడో బట్టలు మార్చుకునేటప్పుడో మన ఒళ్ళు మనకి తెలిసి ఉండటం, మారితే వెంటనే చూపించుకోవడం, తగిన వయసు వచ్చాక స్క్రీనింగు, అంటే ఏ గుర్తూ లేకపోయినా చేయించుకునే పరీక్ష. అమెరికా నిపుణుల బృందం 2024లో సవరించిన సలహా ప్రకారం 40 నుంచి 74 దాకా రెండేళ్ళకోసారి మామోగ్రామ్. ఇతర దేశాల్లో మొదలుపెట్టే వయసు వేరుగా ఉంటుంది.

సూది_దారం:

బట్టల మిల్లు వాళ్ళా! మా వాళ్ళే. సరే, తడుముడు సంగతి ఒప్పుకుంటాను. నాకైతే తడిమితే దొరకనే లేదు, అద్దమే చెప్పింది.

మందు_ట్యూబు:

గడ్డ గురించే మాట్లాడుతున్నారు కాబట్టి రాస్తున్నా. మా అత్తగారికి గడ్డ కాదు, దురద. ఒక చనుమొన మీద పొక్కులా లేచి, పొలుసు రాలి, చెమ్మ ఊరేది. బట్ట రాపిడి అనుకున్నారు. ఎనిమిది నెలలు ఒక ఆయింట్‌మెంటు తర్వాత ఇంకోటి. కాస్త తగ్గేది, మళ్ళీ వచ్చేది. చివరికి చర్మం డాక్టరే చిన్న ముక్క తీసి పంపితే పాజెట్స్ జబ్బని తేలింది, చనుమొన మీద వచ్చే ఒక రకం క్యాన్సర్. 1874లోనే జేమ్స్ పాజెట్ అనే సర్జన్ రాసిపెట్టిన సంగతట, మాకు మాత్రం కొత్త. ఆ డాక్టరు చెప్పిన తేడా గుర్తుంది. మామూలు ఎగ్జిమా దురద ఎక్కువగా చుట్టూ నల్లగా ఉండే చోట మొదలవుతుంది, మొనని వదిలేస్తుంది, రెండు వైపులా రావచ్చు. ఇది మొన మీదే మొదలై బయటికి పాకుతుంది, ఒక్క వైపే. రెండు మూడు వారాల మందుకి లొంగకపోతే ముక్క పరీక్ష అడగాల్సింది, మేం అడగలేదు.

చంటిదాని_అమ్మ:

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రే ఆయనకి చెప్పాను. రెండు నిమిషాలు ఏం మాట్లాడలేదు, తర్వాత ఫోన్ తీసుకుని అపాయింట్‌మెంటు ఆయనే పెట్టారు. వచ్చే బుధవారం.

ఇంకో రెండు అడుగుతాను అక్కా. సూది గుచ్చితే లేని క్యాన్సర్ రేగుతుందని, ఉన్నది పాకుతుందని మా పెద్దమ్మ భయపెడుతోంది. రెండోది, నిన్న చూద్దామని గట్టిగా పిండితే రెండు వైపులా ఒకటి రెండు చుక్కలు తెల్లగా వచ్చాయి. ఇది కూడా గుర్తేనా?

సూది_దారం:

నొక్కొద్దంటే పిండావా! ఏడాదిన్నర కిందటి దాకా పాలిచ్చిన దానివి, పిండితే రెండు వైపులా తెల్లగా రావడం వింతేం కాదు. అయినా డాక్టరుకి చెప్పు. అనుమానించాల్సింది వేరే. ముట్టుకోకుండా దానంతటదే కారి లోపలి బట్టకి మరక పడటం, ఒక వైపే, ఒకే రంధ్రం నుంచి, అదీ నెత్తురుగానో నీళ్ళలా తేటగానో రావడం. ఇక పిండకు. పిండితే ఆగేది కూడా ఆగదు.

సూది సంగతి. నేనూ అడిగాను మా డాక్టరమ్మని. ఆమె అన్నది, సూది వేస్తే పాకుతుందని భయపడి ఆగిపోయిన వాళ్ళలో పాకడం చూశాను గానీ, సూది వల్ల పాకడం చూడలేదని. లేని క్యాన్సర్ సూదితో పుట్టదు. చిన్న మత్తు ఇంజెక్షను ఇచ్చి, లావు సూదితో సన్నటి ముక్కలు తీస్తారు. స్టాప్లర్ కొట్టినట్టు టక్కుమంటుంది. ఆ శబ్దం ముందే ఒకసారి వినిపించమని అడుగు, వినిపిస్తారు. నాకు వినిపించలేదు, మంచం మీద ఎగిరి పడ్డాను.

నీకు చిన్నపిల్ల ఉంది కాబట్టి ఇంకొకటి, చదివే మిగతా తల్లులకి కూడా. పాలిచ్చే రోజుల్లో రొమ్ము ఎర్రగా వాచి వేడిగా ఉంటే అది ఎక్కువగా మామూలు వాపే, మందుకి తగ్గుతుంది. ఆ మందుల కోర్సు అయ్యాక కూడా ఎరుపు తగ్గకపోతే, చర్మం నారింజ తొక్కలా మందమై గుంటలు గుంటలుగా అయితే, ఇంకో కోర్సు రాయించుకుని ఇంటికి రాకు. గడ్డే కట్టకుండా వారాల్లో రొమ్మంతా వాచే క్యాన్సర్ రకం ఒకటుంది, అరుదు గానీ చాలా తొందరది. ఆ గుంటలు ఎందుకంటే, చర్మం కింద నీరు పోయే దారులు మూసుకుపోయి చర్మం ఉబ్బుతుంది, వెంట్రుక మొదళ్ళ దగ్గర మాత్రం ఉబ్బదు. దూది పెట్టి చుక్కకుట్టు వేసిన బొంత చూశావుగా, అలా.

మగవాణ్ణే:

ఇది ఆడవాళ్ళ చర్చని తెలుసు, ఒక్క మాట రాసి పోతాను. రొమ్ము క్యాన్సర్ మగవాళ్ళకీ వస్తుంది, మొత్తం కేసుల్లో నూటికి సుమారు ఒకటే గానీ. నాకు 61 ఏళ్ళప్పుడు వచ్చింది. చనుమొన వెనకే చిన్న రాయిలా ఉండేది. మగవాళ్ళకి అక్కడ కొవ్వూ కండా పెద్దగా ఉండవు కాబట్టి తొందరగానే చేతికి తగులుతుంది, కానీ ఇది నాకెందుకొస్తుందిలే అని ఏడాది ఊరుకున్నాను. ఆస్పత్రిలో ఇచ్చిన ఫారంలో "చివరి నెలసరి తేదీ" అని ఉంది. గీత కొట్టేసి సంతకం పెట్టాను. ఇంట్లో మగవాళ్ళకి కూడా చెప్పండమ్మా.

చంటిదాని_అమ్మ:

వెళ్ళొచ్చాను. డాక్టరు రెండు వైపులా చూసి, చంకల్లో, మెడ కింద ఎముక పైన కూడా తడిమి చూశారు. చంకలో బిళ్ళలేమీ లేవన్నారు. మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ అదే రోజు అయ్యాయి. 1.6 సెంటీమీటర్లు. రిపోర్టులో బైరాడ్స్ 4ఏ అని ఉంది. ఆ నాలుగు అంకె చూసి నాలుగో స్టేజి అనుకుని కారిడార్‌లోనే కూలబడ్డాను. నర్సమ్మ వచ్చి కాదని చెప్పేదాకా ఏమీ తోచలేదు.

ఎక్స్‌రే_గది:

అయ్యో, ఈ ముక్క నేను ముందే చెప్పాల్సింది. బైరాడ్స్ స్టేజి కాదు. ఫిల్ము చూసిన డాక్టరుకి ఎంత అనుమానం ఉందో చెప్పే అంకె, అంతే. 3 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి 2 లోపు, సాధారణంగా ఆరు నెలలకి మళ్ళీ చూస్తారు. 4 అంటే ముక్క తీసి చూడాలి. అందులో ఏ అంటే అనుమానం తక్కువ, నూటికి 2 నుంచి 10 లోపు. మీ చేతిలో ఉన్న కాగితం, ఎక్కువ పాళ్ళు ఇది క్యాన్సర్ కాకపోవచ్చు, అయినా తేల్చుకుందాం అంటోంది.

చంటిదాని_అమ్మ:

సూది కూడా అయిపోయింది. శబ్దం ముందే వినిపించమని అడిగాను అక్కా, ఆ డాక్టరు నవ్వి రెండుసార్లు వినిపించారు. అయిదు ముక్కలు తీశారు. ఇవాళ అక్కడ కొంచెం నీలంగా కమిలింది. శుక్రవారం రిపోర్టు.

సూది_దారం:

కమలడం మామూలే, వారంలో పోతుంది. బిగుతైన లోబట్ట వేసుకుంటే కదలకుండా హాయిగా ఉంటుంది, రాత్రి కూడా తీయకు.

శుక్రవారం ఒక్కదానివే వెళ్ళకు. నాకు ఆ రోజు డాక్టరు చెప్పిన మొదటి మాట తర్వాత ఏదీ వినపడలేదు, ఆమె పెదాలు కదులుతుంటే చూస్తూ కూర్చున్నాను. నా చెల్లెలు పక్కనుండి అంతా రాసుకుంది కాబట్టి సరిపోయింది. రిపోర్టు ఏదైనా సరే కాపీ చేతికి తీసుకో. ఏమీ లేదంటే, మళ్ళీ స్కాను ఎప్పుడో తేదీ అడిగి రాయించుకో. ఉందంటే, ఈఆర్, పీఆర్, హెర్2 అని, ఆ క్యాన్సర్ ఏ తరహాదో చెప్పే మూడు పరీక్షల ఫలితాలుంటాయి, అవి వచ్చాయా రావాలా అని అడుగు, మందులు చాలావరకు వాటిని బట్టే. ఏదొచ్చినా ఇక్కడ రాయి. నేను మిషన్ పక్కనే ఫోన్ పెట్టుకుని ఉంటాను.

చంటిదాని_అమ్మ:

ఆయన సెలవు పెట్టారు. రాసుకోవడానికి పాప బొమ్మల నోటుబుక్కులో వెనక నాలుగు పేజీలు ఖాళీగా ఉంటే అదే సంచిలో పెట్టాను.